కాళ్ల శాప ఉపవాసం

మొండయ్య ఆ ఎండాకాలం మూడు కార్డులు రాశాడు. మూడింట్లోనూ అబద్ధమే రాశాడు. నలభై ఏళ్లొచ్చినా ఎవరికీ ఒక ఉత్తరం ముక్క రాయని మనిషి, తీరా రాయడం మొదలుపెట్టి అబద్ధాలకు దిగాడంటే నవ్వొస్తుంది. కానీ ఆ మూడు కార్డులు రెండు ప్రాణాల మీదికి తెచ్చాయి కాబట్టి నవ్వడానికి లేదు.

అతను కరీంనగర్ కాలేజీలో జంతుశాస్త్రం గదికి అటెండరు. సీసాల్లో మందునీళ్లలో ఊరుతున్న పాములకూ తొండలకూ దుమ్ము తుడవడం, విద్యార్థులు కోసి చూసే కప్పలను పట్టి తేవడం అతని పని. పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం మొదట్లో, చలి ఇంకా పోకముందు, ఆ చచ్చిన జీవాల గదిలోకి బతికున్నది ఒకటి వచ్చింది. లెక్చరరు దయాకర్‌రావు బొంబాయిలో తనకు చదువు చెప్పిన పెద్దాయనను బతిమాలి తెచ్చుకున్నాడు దాన్ని, పాలక్యాన్లో పెట్టి, మంచుముక్కలు వేసుకుంటూ, రెండు రైళ్లు మారి. జానెడు పొడవుంటుంది. మీగడ రంగు ఒళ్లు, నాలుగు కాళ్లు, చేప తోక, ఎప్పుడూ ఏదో నవ్వుకుంటున్నట్టుండే వెడల్పాటి నోరు. మెడకు రెండు పక్కలా మూడేసి ఎర్రటి కుచ్చులు. దాన్ని ఆక్సొలాటల్ అంటారనీ, మెక్సికో దేశంలో ఒక చల్లటి సరస్సు దాని పుట్టిల్లనీ, ఆ కుచ్చులతోనే నీళ్లలో గాలి పీల్చుకుంటుందనీ సార్ చెప్పాడు. మొండయ్యకు ఆ పేరు నోరు తిరగలేదు. అతని భార్య లింగవ్వ మాత్రం చూసిన పూటే పేరు పెట్టేసింది, కాళ్ల శాప అని, అంటే కాళ్లున్న చేప.

ఏప్రిల్‌లో కాలేజీకి సెలవులిచ్చారు. సార్‌కు మద్రాసులో రెండున్నర నెలల శిక్షణ పడింది. ఆ ఎండల్లో దాన్ని రైలెక్కిస్తే దారిలోనే పోతుంది. అందుకని గాజుతొట్టితో సహా తెచ్చి మొండయ్య ఇంటి వసారాలో దింపాడు.

"మొండయ్యా, కాలేజీ తెరిచినంక పిల్లలకు మొట్టమొదలు చూపెట్టేది గిదే. జర పైలంగ చూస్తవా?"

"మీకెందుకు సార్ ఫికర్. నా పానం పోయినా దాని పానం పోనియ్య."

ఇలాంటి మాటలు మొండయ్యకు చాలా తేలిగ్గా వస్తాయి. అతని గుణమే అంత. అడిగినదానికి నాలుగింతలు ఒప్పుకుంటాడు, తర్వాత మొయ్యలేక నడుం పట్టుకుంటాడు.

సార్ ఒక కాగితం కూడా రాసిచ్చాడు. వారానికి మూడుసార్లు ఎర్రలు పెట్టాలి, అంటే తడినేలలో దొరికే వానపాములు. బావినీళ్లే పొయ్యాలి. తొట్టి చుట్టూ తడి గోనెపట్టా కట్టి నీడలో ఉంచాలి. పొట్ట తలకాయంత వెడల్పుండాలి, సన్నబడితే ఆకలని గుర్తు. కుచ్చులు ఎర్రగా విచ్చుకుని ఉండాలి, పాలిపోయి ముందుకు వంకర తిరిగితే ఒంట్లో బాగాలేదని గుర్తు. వాటికి దూదిలాంటిది పట్టుకుంటే అది బూజు, సీసాడు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి పూటకు పది నిమిషాలు అందులో ఉంచాలి. ఏ గుర్తు కనబడినా వెంటనే కార్డు రాయాలి. ఆ చివరి మాట కింద సార్ రెండు గీతలు గీశాడు.

మొదటి పదిహేను రోజులు ఏ ఇబ్బందీ లేదు. లింగవ్వే బావి దగ్గర స్నానాల నీళ్లు పారే చోట తవ్వి ఎర్రలు తెచ్చేది. కాళ్ల శాప వాటిని చప్పున లాక్కుని మింగుతుంటే చూసి మురిసిపోయేది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. పెంచుకుందామని తెచ్చిన పిల్లి కూడా పక్కింటి రాయమల్లు ఇంటికే పోయి అక్కడే ఉండిపోయింది.

ఏప్రిల్ నెలాఖరులో లింగవ్వ మంచం పట్టింది. టైఫాయిడ్ అని డాక్టరు పెద్దపెద్ద మాత్రలిచ్చాడు. తొమ్మిదో రోజు ఆమె ఎప్పుడో చనిపోయిన తల్లితో మాట్లాడడం మొదలుపెట్టింది. మొండయ్య వంక చూసి, ఈయన ఎవరని అడిగింది. అతను పెరట్లోకి పోయి వేములవాడ శివుడి గుడి దిక్కు తిరిగి చేతులు జోడించాడు.

"రాజన్నా, దీన్ని నాకు బతికియ్యి. కోడెను కట్టి నీ గుడి చుట్టు తిప్పుత. గప్పటిదాక నా ఇంట్ల నీసు సొరనియ్య. పురుగును గూడ సంపనియ్య."

కోడె మొక్కు అందరూ మొక్కేదే. నీసు, అంటే మాంసం చేపలు, మానడమూ కొత్త కాదు. ఆ చివరి మాటను మాత్రం రాజన్న అడగలేదు, మొండయ్యే తగిలించాడు. పదేళ్లుగా వందల కప్పలను కాలేజీ బల్లల మీదికి చేర్చిన చేతులు అవి. ఆ ఉసురే తన ఇంటికొచ్చి కూర్చుందేమోనని భయపడ్డాడు పాపం.

మర్నాటి నుంచి జ్వరం దిగసాగింది. మాత్రలు పని చేశాయో రాజన్నే విన్నాడో తేల్చే ధైర్యం మొండయ్యకు లేదు. కోడె కట్టాలంటే లింగవ్వ నడవగలగాలి, ఎండలు తగ్గి వానలు పడాలి. అంటే శ్రావణం దాకా మొక్కు నడుస్తున్నట్టే. ఆమె గంజి తాగి కళ్లు తెరిచి చూసిన రోజున అతనికి తొట్టి గుర్తొచ్చింది. పార తీసుకుని బావి దగ్గరకు పోయాడు. ఒక్క పెళ్ల లేపగానే ఎర్ర కనబడింది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడి, మన్ను మళ్లీ కప్పి వచ్చేశాడు.

ఆ పూట అటుకులు నానబెట్టి వేశాడు. కాళ్ల శాప నోట పెట్టుకుని ఉమ్మేసింది. ఉడికిన పప్పు వేస్తే అదీ ఉమ్మేసింది. బెల్లం ముక్క వేస్తే నీళ్లే పాడయ్యాయి. మాంసం తిని బతికే జీవికి తన మొక్కు అంటగట్టి, అది పాటించడం లేదని మొండయ్యకు కోపం కూడా వచ్చింది. అలాంటప్పుడే సార్ దగ్గర నుంచి కార్డు వచ్చింది, ఎట్లున్నదని అడుగుతూ.

నిజం రాయడానికే కూర్చున్నాడు. కానీ సార్ చదువుకున్న మనిషి, మొక్కు మాట చెబితే నవ్వుతాడు. ప్రాణం పోయినా అన్న మాట పదిహేను రోజులకే గాలికి పోయిందంటాడు. రేపో మాపో ఏదో ఒకటి తినడం నేర్చుకోదా అనుకుని, బొట్లుబొట్లుగా సిరా రాలుస్తూ రాశాడు. శాప మంచిగున్నది, మంచిగ తింటున్నది. సార్ బదులు రాశాడు, గుండెల మీద బరువు దించినవు మొండయ్యా, కుచ్చులు ఎర్రగా ఉన్నాయా అని. అప్పటికి కుచ్చులు ఉల్లిపొరలా తెల్లబడ్డాయి. మందారం లెక్క ఉన్నయని రెండో కార్డు పోయింది.

పక్కింటి రాయమల్లుకు అప్పజెప్పరాదా అని మీరనవచ్చు. రాయమల్లుకు ఏ మొక్కూ లేదు, వారంవారం కోడిని కోసుకునే మనిషి. మొండయ్యకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఇంకొకరికి ఇస్తే సార్‌కు చెప్పాలి, చెబితే రాసినదంతా అబద్ధమని తేలుతుంది. అందుకని తొట్టికి తడి గోనె కట్టడం, నీళ్లు మార్చడం రెట్టింపు శ్రద్ధగా చేస్తూ, దాని పొట్ట వైపు మాత్రం చూడడం మానేశాడు. చూడకపోతే లేనట్టే అనుకున్నాడు.

లింగవ్వ మాత్రం చూసింది. వసారాలో మంచం మీద పడుకుంటే ఆమె కళ్లెదుట ఉండేది ఆ తొట్టే.

"ఏమయ్యా, కాళ్ల శాప గట్ల గుంజుకపోయిందేంది?"

"ఎండకే. మనుషులే ఎండుతున్నరు."

"ఎండకు కడుపు లోపలికి పోతదా? తలకాయ చూడు ఎంత పెద్దగ కనవడుతున్నదో. నేను లంకణాలున్నప్పుడు గిట్లనే ఉంటి గద. దానికి ఏం పెడుతున్నవు?"

మొండయ్య మొక్కు సంగతి చెప్పాడు, సగం గొణుగుతూ. కార్డుల సంగతి చెప్పలేదు. లింగవ్వకు గొంతు పెంచే ఓపిక కూడా లేదు.

రెండు రోజులకు కుచ్చుల కొసలకు దూది పట్టింది. మొండయ్యకు కాగితం మీద రాసింది గుర్తొచ్చి, ఒక గిన్నెలో ఉప్పునీళ్లు కలిపాడు. పొద్దునా సాయంత్రమూ దాన్ని అరచేతిలో తీసి అందులో పది నిమిషాలు ఉంచేవాడు. ఉప్పుకు మొక్కు అడ్డం లేదు కదా, ఆ వైద్యం మాత్రం పూజలాగా నిష్ఠగా చేశాడు. మధ్యాహ్నాలు తాగే నీళ్ల మట్టికుండ, రంజన్, ఖాళీ చేసి, బావినీళ్లు నింపి, ఆ చల్లదనంలో దించేవాడు. వారానికి బూజు పోయింది. సార్ ఎదురుగా ఉంటే మెచ్చుకునేవాడే. బూజు పోయింది గానీ ఆకలి పోలేదు. అరచేతిలోకి తీసినప్పుడల్లా అది ఇంకొంచెం తేలికైనట్టు తెలుస్తూనే ఉంది. చేతిలో ఏమీ లేనట్టు అనిపించిన రోజున మూడో కార్డు రాశాడు. అంతా బాగున్నదని.

మే నెల ఆఖర్లో ఒకరోజు కాలేజీ ఆఫీసులో పని చూసుకుని పన్నెండు గంటలకు ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. లింగవ్వ బావి దగ్గర ఉంది. కొంగు నెత్తిన కప్పుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో చిన్న పార పట్టుకుని తడినేల గీకుతోంది. పక్కన చిప్పలో మూడు ఎర్రలు కదులుతున్నాయి.

"ఏం చేస్తున్నవే, నీ కోసమే మొక్కిన గద."

"ఎరికే."

"మరి?"

"నువ్వు మొక్కినవు, నేను మొక్కలే. అది ఏం తెలిసి మొక్కింది? నా పానం కోసమని ఇంకో పానాన్ని ఎండబెడితే నాకు గంజి ఎట్ల దిగుతదయ్యా. నాలుగు దినాల సంది పెడుతున్న. మొదలు నోరు గూడ తెరువలే. నిన్న ఒకటి తిన్నది."

నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పొట్ట కాస్త నిండినట్టు కనబడితే తన ఉప్పునీళ్ల మహిమే అనుకున్నాడు మొండయ్య. ఆమె చేతిలోంచి పార లాక్కున్నాడు గానీ, తాను మాత్రం తవ్వలేదు. చిప్పలో ఉన్న మూడింటినీ ఆమే వేసింది. అతను గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు, చూడకపోతే రాజన్న కూడా చూడడన్నట్టు. అంతకన్నా సిగ్గుపడవలసిన పని తన జన్మలో చెయ్యలేదని తర్వాత అతనే అనుకున్నాడు.

మూడో నాటికి లింగవ్వకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి దవాఖానలో చేర్చుకున్నారు. డాక్టరు మొండయ్యను పక్కకు పిలిచి చీవాట్లు పెట్టాడు. నెల రోజులు మంచం దిగొద్దని చెప్పలేదా, ఎండలో ఏం పని చేయించావని అడిగాడు. ఎండలో పని చేసినందుకు తిరగబెట్టిందా, మొక్కు తప్పినందుకు తిరగబెట్టిందా అన్నది మొండయ్యకు తెలియదు. రెండింటికీ కారణం తానేనన్నది మాత్రం తెలుసు.

ఆరు రోజులు దవాఖాన వరండాలోనే ఉన్నాడు. పొద్దున ఒకసారి ఇంటికి పోయి తొట్టి నీళ్లు మార్చి వచ్చేవాడు, ఎర్రల జోలికి పోలేదు. ఇప్పుడు ఒక్క పురుగు చచ్చినా లింగవ్వ దక్కదని అతని భయం. ఏడో రోజు పొద్దున ఆమెకు కాస్త తెలివొచ్చింది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. మొదట అడిగిన మాట నీళ్లు కాదు.

"దానికి పెట్టినవా?"

"పెట్టిన."

ఎంత వాడుకైపోయిందో చూడండి, నాలుక తడబడలేదు కూడా. లింగవ్వ అతని మొహం వంక చూసింది. ఇరవై రెండేళ్ల కాపురం ఆమెది.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

మొండయ్య చెయ్యి లేవలేదు. అబద్ధపు ఒట్టు పెడితే లింగవ్వ పోతుంది. ఎర్రను తవ్వితే మొక్కు తప్పి లింగవ్వ పోతుంది. ఇన్నాళ్లూ చిన్నచిన్న అబద్ధాల సందుల్లోంచి తప్పించుకుంటూ వచ్చినవాడికి అన్ని సందులూ ఒక్కసారే మూసుకుపోయాయి. ఆమె కళ్లు మూసుకుంది. ఆ కళ్లు మూసుకోవడం చూసి అతను లేచాడు.

ఇంటికి నడిచాడో పరుగెత్తాడో అతనికే తెలియదు. తొట్టిలో కాళ్ల శాప అడుగున ఒక మూలకు ఒరిగి ఉంది. కుచ్చులు ముందుకు వంకరపోయాయి. మొండయ్య పార తీసుకుని బావి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు. ఎండకు నేల బిగుసుకుపోయి ఉంది, జానెడు లోతుకు పోతే గానీ దొరకలేదు.

"రాజన్నా, మొక్కింది నేను. తప్పుతున్నది నేను. అనేదేమన్న ఉంటే నన్ను అను. ఆమెను అనకు."

ఈసారి ఆ మాటకు తోకలేమీ తగిలించలేదు. రెండు ఎర్రలను కడిగి ఒకదాన్ని మూతి ముందు ఆడించాడు. చాలాసేపు అది కదల్లేదు. సచ్చిపోయిందే అనుకున్నాడు. తర్వాత తల కొద్దిగా ఎత్తింది, చప్పున లాక్కుంది. మొండయ్య తొట్టి అంచు పట్టుకుని గట్టిగా ఏడ్చాడు. గోడ మీంచి తొంగిచూసిన రాయమల్లు లింగవ్వకు ఏదో అయిపోయిందనుకుని పరుగున వచ్చాడు.

చేతుల మట్టి కూడా సరిగా కడుక్కోకుండా దవాఖానకు తిరిగి పోయి, లింగవ్వ నెత్తిన చెయ్యి పెట్టాడు.

"నీ మీద ఒట్టు. ఇప్పుడే పెట్టిన. రెండు తిన్నది. పొద్దున చెప్పింది అబద్ధం."

లింగవ్వ కాసేపు ఆ చేతిని అలాగే ఉండనిచ్చింది. తర్వాత అడిగింది.

"సార్‌కు ఏం రాసినవు?"

కార్డుల సంగతి ఆమెకు తెలియదనుకున్నాడు. సార్ కార్డులు వచ్చినప్పుడు ఆమె ఆ వసారాలోనే పడుకుని ఉందన్న సంగతి అతనికి తట్టనే లేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తన తల మీంచి మెల్లగా పక్కకు తీసింది.

ఆ రోజు నుంచి మొండయ్య రోజు విడిచి రోజు తవ్వాడు. జూన్ మూడో వారానికి జ్వరం దిగి లింగవ్వ ఇంటికొచ్చింది. ఎముకల మీద చర్మం కప్పినట్టుంది. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి మాడు కనిపిస్తోంది. కాళ్ల శాప పొట్ట మళ్లీ నిండింది, కుచ్చులకు గులాబీ రంగు వచ్చింది. కార్డు రాయాలని రోజూ అనుకుంటూనే ఉన్నాడు, ఆమె రోజూ చూస్తూనే ఉంది. నాలుగో కార్డు మాత్రం పోలేదు. అంతలో సార్ వచ్చేశాడు.

రిక్షా దిగి నేరుగా తొట్టి దగ్గరకే వచ్చాడు దయాకర్‌రావు. వంగి అటూ ఇటూ చూశాడు.

"జర చిక్కింది గని మంచిగున్నది. గీ ఎండల గిదాన్ని బతికిచ్చినవంటే మామూలు సంగతి కాదు మొండయ్యా. ప్రిన్సిపాల్‌కు చెప్పి నీకు ప్రమోషన్ ఇప్పిస్త చూడు."

మొండయ్య లింగవ్వ వంక చూశాడు. నెత్తిన కొంగు కప్పుకుని గుంజకు ఆనుకుని కూర్చుంది. ఏదైనా అంటుందేమోనని భయపడ్డాడు. ఆమె అన్నది.

"ఔ సార్. బగ్గ తిప్పలవడ్డడు."

అతన్ని కాపాడడానికి ఆమె ఆడిన అబద్ధం అది. ఇన్నాళ్లూ తన అబద్ధాలను మోసినవాడు ఆ ఒక్కదాన్నీ మొయ్యలేకపోయాడు.

"సార్, నేను రాసిన కార్డులన్ని అబద్ధాలు. ఇరవై ఆరు దినాలు దాన్ని పస్తు వెట్టిన. అది సచ్చిపోయేది. తెల్లబడుడు, గుంజుకపోవుడు, మీరు రాసిన గుర్తులన్ని చూసుకుంటనే పస్తు వెట్టిన. జ్వరంల లేసి ఎర్రలు తవ్వి పెట్టింది గీమె. గందుకే తిరగబెట్టింది."

మొక్కు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. సార్ ఒక్కసారి కూడా నవ్వలేదు. అంతా విని లింగవ్వ నెత్తి వైపు చూశాడు, తర్వాత నేల చూపులు చూశాడు.

"ముందుగాల్నే రాస్తే నేనేమంటననుకున్నవు?"

"మొక్కు అంటే నవ్వుతరనుకున్న. మాట తప్పిండు అంటరనుకున్న."

"మా అమ్మ గూడ రాజన్నకే మొక్కుతది మొండయ్యా. దాన్ని పక్కింట్ల ఇచ్చి ముందు ఆమెను చూసుకో అని రాస్తుంటి. గంతే."

శ్రావణంలో వేములవాడ పోయి కోడెను కట్టారు. మొక్కు తప్పిన సంగతి రాజన్నతో చెప్పుకోవడం మొండయ్యకు పెద్ద కష్టం కాలేదు, ఆయన ఎదురు ప్రశ్నేమీ వెయ్యలేదు. సార్ నోట వచ్చిన ఆ గంతే అన్న మాటే అతన్ని వదల్లేదు. నిజం చెప్పడానికి ఒక్క కార్డు సరిపోయేది. లింగవ్వ నెత్తిన వెంట్రుకలు మళ్లీ రావడానికి మాత్రం ఆ ఏడాదంతా సరిపోలేదు.